పెట్రోలు తాగి... మొరాయించి!

* చలి పొద్దున కార్లకు ‘ఫ్లడ్’ చిక్కు
* అదే పనిగా సెల్ఫ్ కొడితే బ్యాటరీ డౌన్
* యాక్సిలరేటర్ అడుగంటా నొక్కితే ఆగే పెట్రోలు
* నీట మునిగిన బండికి మాత్రం ఈ వైద్యం వద్దు

హోసూరు: మార్గశిరం వచ్చిందంటే హోసూరు, తళి, కెలమంగళం, దెంకణికోట పల్లెల్లో తెల్లవారుజాము పొగమంచుతోనే మొదలవుతుంది. సముద్రమట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తున్న నేల ఇది. ఒకప్పుడు తెల్లదొరలు తళిని ‘చిన్న ఇంగ్లండు’ అని పిలుచుకున్నారంటే ఈ చల్లదనం చూసే. గులాబీ తోటలకు ఈ చలి వరం. వాకిట్లో నిలిపిన పెట్రోలు బండికి మాత్రం ఒక్కోసారి ఇదే శాపం.

ముందురోజు సాయంత్రం పూలబుట్టలు సర్దుకునేందుకు వ్యానును షెడ్డులోంచి నాలుగడుగులు బయటికి తీస్తారు. తీసి ఆపేస్తారు. తెల్లారి నాలుగింటికి మార్కెట్టుకు బయలుదేరదామని తాళం తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. మళ్లీ తిప్పుతారు. మళ్లీ అదే పాట. ఐదోసారికి సెల్ఫ్ మోటారు గొంతు బరువెక్కుతుంది. పదోసారికి ‘టిక్ టిక్’ మనే చప్పుడే మిగులుతుంది. పూలు బుట్టల్లోనే ఉంటాయి. మార్కెట్లో బేరం మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా!

ఉద్యోగుల ఇళ్లలోనూ ఇదే తంతు. టీఎన్ 70 నంబరు కార్లు పొద్దున్నే జూజువాడి దాటి అత్తిబెలె మీదుగా బెంగళూరు దారి పట్టాలి. అరగంట ఆలస్యమైతే ట్రాఫిక్‌లో అది గంటన్నర అవుతుంది. ఆ తొందరలో తాళం తిప్పిందే తిప్పడం, చుట్టుపక్కల వాళ్లు తలా ఒక సలహా ఇవ్వడం మామూలే. ‘బ్యాటరీ పోయినట్టుందన్నా’ అనేది ఒకరు. ‘యాక్సిలరేటర్ టపటపా కొట్టి చూడండి’ అనేది ఇంకొకరు. ‘తోసేద్దాం పట్టండప్పా’ అంటూ నడుం బిగించేది మరొకరు. చాలాసార్లు ఈ మూడు మాటలూ తప్పే. బండికి పెట్రోలు అందక కాదు, ఎక్కువై మొరాయిస్తోంది. షెడ్డు భాషలో చెప్పాలంటే ఇంజిన్ ‘ఫ్లడ్’ అయింది.

దీనికి మందు కారులోనే ఉంది. పైసా ఖర్చు లేదు. పానా అక్కర్లేదు. కుడికాలు ఒక్కటి చాలు. చాలా కార్లతో ఇచ్చే చిన్న పుస్తకంలో కూడా ఈ కిటుకు రాసే ఉంటుంది. కాకపోతే ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది.

అసలేం జరుగుతుంది?

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి అవసరం. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఈ లెక్క కాస్త తగ్గుతుంది. ఇంకో సంగతి... మండేది ద్రవంగా ఉన్న పెట్రోలు కాదు, దాని ఆవిరి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చిమ్మిన పెట్రోలంతా ఇట్టే ఆవిరైపోతుంది. చల్లగా ఉన్నప్పుడు తేలికపాటి భాగాలే ఆవిరవుతాయి. మిగతాది గాలి వచ్చే దారి గోడలకూ, సిలిండర్ గోడలకూ తడిలా అంటుకుంటుంది.

అందుకే చల్లటి ఇంజిన్‌కు మామూలు కంటే ఎక్కువ పెట్రోలు పోయాలి. పోసిన దాంట్లో కొంతైనా ఆవిరై అంటుకుంటుందని లెక్క. అంటుకుంటే సరే. అంటుకోకపోతే ఆ పెట్రోలు ఎటూ పోదు. మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంకొంచెం, మరోసారి కొడితే మరికొంచెం చేరుతుంది. చివరికి స్పార్క్ ప్లగ్గులు తడిసిపోతాయి. తడిసిన ప్లగ్గులో నిప్పురవ్వ దూకాల్సిన చోట దూకకుండా తడి మీదుగా, మసి మీదుగా జారిపోతుంది. నిప్పు లేకపోతే మంట లేదు, మంట లేకపోతే బండి లేదు.

ఇంకో నష్టం కూడా ఉంది. సిలిండర్ గోడలకు ఇంజిన్ ఆయిల్ సన్నని పొరలా అంటుకుని ఉంటుంది. పిస్టన్ రింగుల పక్క నుంచి గాలి జారిపోకుండా ఆపడంలో ఆ పొర సాయం చేస్తుంది. పచ్చి పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. దాంతో లోపల ఒత్తిడి పడిపోతుంది. అంటే నిప్పూ సరిగా లేదు, ఒత్తిడీ లేదు. ఆ స్థితిలో వందసార్లు తాళం తిప్పినా ఫలితం సున్నా.

చోక్ పోయె... కంప్యూటర్ వచ్చె

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతీ 800 నడిపిన తరానికి ఈ బాధ కొత్త కాదు. అప్పట్లో కార్బురేటర్ ఉండేది. చలికాలం చోక్ లాగి, బండి అందుకున్నాక మెల్లగా లోపలికి తోసేవారు. తోయడం మరిచిపోతే పెట్రోలు పొంగిపోయేది. యాక్సిలరేటర్ నొక్కిన ప్రతిసారీ కార్బురేటర్‌లోని చిన్న పంపు పెట్రోలును నేరుగా చిమ్మేది. అందుకే చలిలో స్టార్ట్ చేసే ముందు రెండుసార్లు కాలు కొట్టే అలవాటు వచ్చింది. నాలుగైదుసార్లు కొడితే ఇంజిన్ మునిగేది కూడా అందుకే.

2000 నుంచి కాలుష్య నిబంధనలు బిగుసుకునే కొద్దీ కార్బురేటర్ కార్లు తగ్గుతూ వచ్చాయి. వాటి స్థానంలో ఇంజెక్టర్లు వచ్చాయి. ట్యాంకులో ఉన్న పంపు పెట్రోలును ఒత్తిడితో పైకి తోస్తుంది. ప్రతి సిలిండర్ దగ్గరా ఉండే ఇంజెక్టర్ దాన్ని తుంపరలా చిమ్ముతుంది. అది ఎంతసేపు తెరుచుకోవాలో కారులోని చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఆ లెక్క సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో చెప్పడానికి కూలెంట్ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. అది ‘చలి’ అంటే కంప్యూటర్ ఎక్కువ పోస్తుంది. ‘వేడెక్కింది’ అంటే తగ్గిస్తుంది. పాత చోక్ పని ఇప్పుడు ఈ సెన్సర్‌దే అన్నమాట.

కాబట్టి ఇంజెక్షన్ కారులో స్టార్ట్ చేయక ముందు యాక్సిలరేటర్ టపటపా కొట్టినా చుక్క పెట్రోలు అదనంగా రాదు. ఉపయోగం లేదు, నష్టమూ లేదు. పాత అలవాటు కాలికి అలా మిగిలిపోయింది, అంతే.

నాలుగడుగులే కొంప ముంచేది

కంప్యూటర్ ఇంత లెక్క చూస్తున్నా మరి ఫ్లడ్ ఎందుకవుతుంది? ఎక్కువసార్లు కారణం మనిషి అలవాటే. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి పది సెకన్లలోనే ఆపేయడం. గేటు ముందు నుంచి జరపడానికి, కళ్లాపి చల్లడానికి అడ్డుందని, వెనక ఉన్న స్కూటరు తీయడానికి, బండి కడగడానికి నీడలోంచి ఎండలోకి తేవడానికి... ఇలా చిన్న చిన్న అవసరాలకే.

చల్లగా ఉందని కంప్యూటర్ దండిగా పెట్రోలు పోస్తుంది. అది మండి ఇంజిన్ వేడెక్కేలోపే తాళం తీసేస్తాం. పోసిన దాంట్లో మిగిలింది లోపలే తడిగా ఉండిపోతుంది. తర్వాత స్టార్ట్ చేసేటప్పుడు కంప్యూటర్‌కు ఆ మిగులు సంగతి తెలియదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది కాబట్టి మళ్లీ దండిగా పోస్తుంది. తడి మీద తడి!

దీనికి అరిగిన ప్లగ్గులు, నీరసించిన బ్యాటరీ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. బ్యాటరీలో జోరు లేకపోతే ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది, ప్లగ్గుకు నిప్పురవ్వ కూడా బలంగా అందదు. పెట్రోలు మాత్రం పడుతూనే ఉంటుంది. కోరాపుట్ కొండల్లోని సునాబెడ, సెమిలిగుడ వైపు శీతాకాలపు చలి హోసూరు కంటే గట్టిది. జయపురం నుంచి ఆ ఘాటు ఎక్కివెళ్లి రాత్రి బస చేసే తెలుగువాళ్లకు పొద్దున్నే ఇలాంటి అనుభవం ఎదురైతే ఆశ్చర్యం లేదు.

పెట్రోల్లో ఇథనాల్ కలపడం వల్లే ఇదంతా అనే మాట ఈమధ్య ప్రతి టీకొట్టు దగ్గరా వినిపిస్తోంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దేశంలో 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోనే ప్రారంభించారు. ఆవిరి కావడానికి ఇథనాల్ ఎక్కువ వేడి లాక్కుంటుందన్నది నిజమే. అయితే ఫ్లడ్ కావడం అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఉన్న జబ్బు. ఇథనాల్‌ను తిట్టుకుంటూ కూర్చుంటే అరిగిన ప్లగ్గు బాగుపడదు.

ముక్కు, చెవి చెబుతాయి

బండి స్టార్ట్ కాలేదంటే అది ఫ్లడ్డే అనుకోకూడదు. ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. మీటర్లూ యంత్రాలూ లేకుండానే చాలావరకు తెలిసిపోతుంది.

తాళం తిప్పితే ‘టిక్’ మని ఊరుకున్నా, లైట్లు మసకబారినా అది బ్యాటరీ సంగతి. ఇంజిన్ మామూలు జోరుతో తిరుగుతోంది, పెట్రోలు వాసన బొత్తిగా లేదు అంటే పెట్రోలు రావడం లేదని అనుమానించాలి. ఇలాంటప్పుడు ఒక పరీక్ష ఉంది. స్టార్ట్ చేయకుండా తాళాన్ని ‘ఆన్’ వరకే తిప్పి చెవి పెట్టి వినాలి. చాలా కార్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు సన్నగా ‘జుయ్’ మనే చప్పుడు వస్తుంది. అది ట్యాంకులోని పంపు. చప్పుడు లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు చూసుకోవాలి. మీటరు బోర్డులో తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటూ ఉంటే కారు తన తాళాన్ని తానే గుర్తుపట్టలేదని అర్థం. అప్పుడు రెండో తాళంతో ప్రయత్నించాలి.

ఫ్లడ్ అయిన బండి గుర్తులు వేరు. పెట్రోలు వాసన ముక్కుకు గట్టిగా తగులుతుంది, ముఖ్యంగా సైలెన్సర్ దగ్గర. ఇంజిన్ తిరిగే చప్పుడు మారుతుంది. మామూలుగా ‘రుర్ర్... రుర్ర్...’ మని ఆగి ఆగి తిరిగేది కాస్తా ఏ బరువూ లేనట్టు ‘విర్ర్’ మని వేగంగా తిరుగుతుంది. ఆయిల్ పొర కడుక్కుపోయి ఒత్తిడి తగ్గిందనడానికి అదే సాక్ష్యం. అప్పుడప్పుడు ఒక ‘టుప్’ మనే చప్పుడు వచ్చి, అందుకున్నట్టే అందుకుని ఆగిపోతుంది. దానికి ముందు బండిని కాస్త జరిపి ఆపేశారన్న సంగతి కూడా గుర్తొస్తే ఇక సందేహం అక్కర్లేదు.

కాలు అడుగంటా... పెట్రోలు బంద్

ఇక మందు సంగతి. మొదట చేయాల్సింది సెల్ఫ్ కొట్టడం ఆపడం. లైట్లు, ఏసీ, బ్లోయర్, పాటలు అన్నీ ఆపేయాలి. ఉన్న కరెంటంతా సెల్ఫ్ మోటారుకే దక్కాలి. పది పదిహేను నిమిషాలు బండిని వదిలేయాలి. బానెట్ ఎత్తి పెడితే మంచిదే. ఆ చుట్టుపక్కల బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల వద్దు.

తర్వాత హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఎడమకాలితో క్లచ్ పూర్తిగా నొక్కాలి. కుడికాలితో యాక్సిలరేటర్‌ను అడుగంటా నొక్కి పట్టాలి. కొట్టి కొట్టి వదలకూడదు. నొక్కి అలాగే ఉంచాలి. కాలు కదపకుండా తాళం తిప్పి ఐదు నుంచి ఎనిమిది సెకన్లు సెల్ఫ్ కొట్టాలి.

విన్నవాళ్లు నమ్మరు. పెట్రోలు ఎక్కువై ఆగిన బండికి యాక్సిలరేటర్ నొక్కితే ఇంకా పెట్రోలు పడదా అంటారు. సరైన ప్రశ్నే. జవాబు కంప్యూటర్ దగ్గర ఉంది. ఇంజిన్ సొంతంగా నడవకుండా సెల్ఫ్ మీదే మెల్లగా తిరుగుతోంది, అదే సమయంలో యాక్సిలరేటర్ దాదాపు పూర్తిగా నొక్కి ఉంది... ఈ రెండూ కలిసి కనిపిస్తే ‘ఇంజిన్ మునిగింది, ఆరబెట్టమంటున్నారు’ అని చాలా కార్ల కంప్యూటర్లు అర్థం చేసుకుంటాయి. వెంటనే ఇంజెక్టర్లను మూసేస్తాయి, లేదా బాగా తగ్గిస్తాయి. గాలి తలుపు మాత్రం బార్లా తెరుచుకుని ఉంటుంది. అంటే లోపలికి వచ్చేది గాలే. ఆ గాలి తడిని ఊడ్చుకుంటూ సైలెన్సర్ దారిన బయటికి పోతుంది. ఎక్కడో ఒక క్షణాన గాలి, పెట్రోలు పాళ్లు సరిపోతాయి. ‘బుడ్... బుడ్...’ మని ఇంజిన్ ఊపిరి అందుకుంటుంది.

అందుకోగానే కాలు తీసేయాలి. ఇది మరిచిపోతే ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తూ లేస్తుంది. గోడల మీద ఆయిల్ పొర కూడా సరిగా లేని సమయంలో అంత వేగం మంచిది కాదు. మొదటిసారికి అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ చేయాలి. సెల్ఫ్ మోటారు చల్లబడాలి, బ్యాటరీ తేరుకోవాలి. ఇలా మూడుసార్లు. మూడోసారికీ లేవకపోతే అదే పని పదోసారి చేయడంలో అర్థం లేదు.

కార్బురేటర్ రోజుల్లో కూడా పాత డ్రైవర్లు మునిగిన ఇంజిన్‌కు కాలు అడుగంటా నొక్కి పట్టేవారు. అప్పుడు కారణం గాలి తలుపు తెరవడమే. ఇప్పుడు దానికి తోడు పెట్రోలు కూడా ఆగుతుంది. కాలు అదే, పని మాత్రం రెట్టింపు. పాత డ్రైవరు తాతలు చెప్పిన చిట్కా కంప్యూటర్ కాలానికీ పనికొచ్చిందన్నమాట!

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలోనూ ఈ సదుపాయం చాలావాటికి ఉంది. అయితే వాటిలో బ్రేకు లేదా క్లచ్ నొక్కితేనే బటన్ పనిచేస్తుంది. కంపెనీని బట్టి పద్ధతి కొంచెం మారుతుంది. అన్ని మోడళ్లలోనూ ఉంటుందనీ చెప్పలేం. కారుతో వచ్చిన పుస్తకంలో ‘ఇంజిన్ స్టార్ట్ కాకపోతే’ అన్న పేజీ ఒకసారి తీరిగ్గా చూసుకోవాలి. ఇంగ్లిషు రాకపోతే పిల్లల చేత చదివించుకోవచ్చు. ఇరుక్కున్న రోజు వెతికేకంటే ముందే తెలుసుకోవడం మేలు.

డీజిల్ బండ్లకు ఈ చిట్కా సంబంధం లేదు. వాటికి స్పార్క్ ప్లగ్గే ఉండదు.

అప్పటికీ లేవకపోతే

ఇక్కడి నుంచి పని మెకానిక్‌ది. ప్లగ్గులు విప్పి చూస్తే కథ తెలిసిపోతుంది. కొస తడిగా మెరుస్తూ పెట్రోలు వాసన కొడితే అనుమానం నిజమే. పెట్రోలు పంపు ఫ్యూజు గానీ రిలే గానీ తీసి, ప్లగ్గులు లేకుండా కొన్ని సెకన్లు ఇంజిన్ తిప్పితే లోపలి తడి ఆవిరిలా ఎగిసి బయటికొస్తుంది. నిప్పురవ్వకు దారి లేకుండా ముందే కాయిల్ కనెక్షన్లు తీసి పక్కన పెట్టాలి. ప్లగ్గులను ఆరబెట్టి, లేదా కొత్తవి వేసి బిగిస్తే ఇంజిన్ మామూలుగా లేస్తుంది.

ప్లగ్గును లైటరుతోనో, వంటింట్లో గ్యాస్ పొయ్యి మీదో కాల్చి బిగించే అలవాటు కొందరికి ఉంది. పెట్రోలు తడిసిన వస్తువును మంట దగ్గరికి తీసుకెళ్లడం ప్రాణాలతో చెలగాటం. గుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు.

అన్నిసార్లు సెల్ఫ్ కొట్టాక బ్యాటరీ దిగిపోవడం ఖాయం. పక్క కారు నుంచి కేబుళ్లతో కరెంటు తీసుకోవచ్చు. ప్లస్‌కు ప్లస్ కలపాలి. మైనస్ కేబులు రెండో కొసను దిగిపోయిన బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీది ఇనుప భాగానికి తగిలించాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవకుండా ఈ జాగ్రత్త.

తోస్తే ఏమవుతుంది?

మన ఊళ్లలో బండి ఆగితే ముందు గుర్తొచ్చేది తోయడమే. నలుగురు చేయి వేస్తే పని అయిపోతుందన్న ధీమా. బ్యాటరీ ఒక్కటే డౌన్ అయిన పాత బండికి అది సరిపోయేది. పెట్రోలుతో మునిగిన ఇంజెక్షన్ కారుకు మాత్రం ఖరీదైన వైద్యం.

సైలెన్సర్ గొట్టం మొదట్లో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. లోపల తేనెపట్టులాంటి సన్నని గళ్లు. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూత. విషవాయువులను తగ్గించడం దాని పని. బండిని తోసి స్టార్ట్ చేస్తే మండని పెట్రోలంతా ఆ డబ్బాలోకి చేరుతుంది. ఇంజిన్ అందుకున్నాక అది అక్కడే మండి విపరీతమైన వేడి పుడుతుంది. గళ్లు కరిగి ముద్దయితే పొగ పోయే దారి మూసుకుంటుంది. బండి లాగదు, కాలుష్య పరీక్షలో పాస్ కాదు. ఆ డబ్బా మార్చే ఖర్చు ముందు కొత్త బ్యాటరీ ధర చిల్లరే.

అసలు ఆటోమేటిక్ గేరు బండ్లు తోస్తే స్టార్టే కావు. తోసి తోసి మనిషి అలిసిపోవడమే.

లేచాక వెంటనే ఆపొద్దు

ఇంజిన్ అందుకున్న మొదటి క్షణాల్లో కాస్త నల్లపొగ రావచ్చు, వణకవచ్చు, వాసన రావచ్చు. కంగారు పడక్కర్లేదు. అరనిమిషంలో సర్దుకుంటుంది. ‘హమ్మయ్య, లేచింది’ అని తాళం తీసేస్తే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది. నిమ్మళంగా బయలుదేరి పదిహేను ఇరవై నిమిషాలు నడిపితే ప్లగ్గుల మీది మసి కాలిపోతుంది, బ్యాటరీ కూడా కొంత నిండుతుంది.

మూసి ఉన్న షెడ్డులో, గ్యారేజీలో ఇంజిన్‌ను అలా నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. బండిని బయటికి తెచ్చాకే వేడెక్కనివ్వాలి.

సాయంత్రం ఒకసారి ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి చూడాలి. ఆయిల్ మట్టం పెరిగినట్టున్నా, పెట్రోలు వాసన కొట్టినా సిలిండర్ గోడల నుంచి పెట్రోలు కిందికి జారి ఆయిల్లో కలిసిందని అర్థం. పలచబడిన ఆయిల్ ఇంజిన్‌ను కాపాడలేదు. మార్చేయడమే మేలు.

మళ్లీ మళ్లీ వస్తుంటే

ఏడాదికోసారి వస్తే అలవాటు తప్పు. వారానికోసారి వస్తే బండిలోనే తప్పు. చలి ఎంతుందో చెప్పే సెన్సర్ పాడైతే, ఇంజిన్ కాగిపోతున్నా కంప్యూటర్‌కు మంచుగడ్డలా కనిపించవచ్చు. అది పోసుకుంటూనే పోతుంది. ఇంజెక్టర్ సరిగా మూసుకోకపోతే బండి ఆపాక కూడా చుక్క చుక్కగా కారుతుంది. బళ్లారి ఎండలకు ఆగిన బండి అరగంట తర్వాత స్టార్ట్ కాకుండా మొరాయించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన ప్లగ్గులు, పెట్రోలు ఒత్తిడిలో తేడా కూడా చూడాల్సినవే. షెడ్డులో స్కానర్ తగిలిస్తే సెన్సర్ చూపే వేడి ఎంతో నిమిషంలో తెలుస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆ అంకె బయటి గాలి వేడికి దగ్గరగా ఉండాలి. లేకపోతే దొంగ దొరికినట్టే!

గడ్చిరోలి జిల్లా సిరొంచ లాంటి చోట్ల ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. అక్కడి నుంచి పెద్ద షెడ్డుకు పోవాలంటే దూరాభారం. బండిని లాక్కెళ్లే ఖర్చు కంటే ముందే నాలుగు ప్లగ్గులు మార్చుకోవడం చవక.

యానాంలో వేరే వరద

‘ఇంజిన్ ఫ్లడ్ అయింది’ అనే మాటకు గోదారి ఒడ్డున ఇంకో అర్థం ఉంది. అక్కడ నిజంగా వరదే. గౌతమీ గోదావరి పక్కనున్న యానాంను 1986 ఆగస్టు, 2006 ఆగస్టు, 2022 జులై వరదలు ముంచెత్తాయి. అలాంటప్పుడు వాకిట్లో కారు నీట మునిగితే పైన చెప్పిన వైద్యం ఏదీ చేయకూడదు. తాళమే ముట్టుకోకూడదు.

కారణం తేలికే. పిస్టన్ గాలిని నొక్కగలదు, పెట్రోలు ఆవిరిని నొక్కగలదు. నీళ్లను నొక్కలేదు. గాలి దారిన సిలిండర్లోకి నీళ్లు చేరిన ఇంజిన్‌కు సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి వచ్చి నీటిని ఢీకొని ఆగిపోతుంది. లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ‘టక్’ మని ఒక్క చప్పుడు, ఇంజిన్ విప్పాల్సిన పని. నీరు తీశాక బ్యాటరీ మైనస్ వైరు తీసేసి, బండిని షెడ్డుకు లాగించి, ప్లగ్గులు విప్పి, నీరు తోడి, ఆయిల్, ఫిల్టర్లు మార్చాకే తిప్పి చూడాలి.

డబ్బు సంగతి కూడా ఉంది. నీట మునిగాక సొంతంగా స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడు చేసుకుంటే మామూలు బీమా పాలసీలు ఆ ఖర్చు ఇవ్వడానికి తరచూ ఒప్పుకోవు. ఇంజిన్ రక్షణకు విడిగా ప్రీమియం కడితేనే ధీమా. వాన నీటిలో దాటబోయి మధ్యలో ఆగిన కారుకూ ఇదే సూత్రం. ఆగిన చోటే దిగిపోవాలి తప్ప మళ్లీ తాళం తిప్పకూడదు.

ఇవి మరవొద్దు

* చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి వెంటనే ఆపొద్దు. జరపక తప్పకపోతే రెండు మూడు నిమిషాలైనా నడవనివ్వాలి. న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తోసి జరపగలిగితే ఇంకా మంచిది.
* రెండుసార్లకు అందుకోకపోతే ఆగి వాసన చూడాలి, చప్పుడు వినాలి.
* పెట్రోలు వాసన ఉంటే పది పదిహేను నిమిషాలు ఆగి, యాక్సిలరేటర్ అడుగంటా నొక్కి పట్టి, ఎనిమిది సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టాలి. అందుకోగానే కాలు తీయాలి.
* ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య అర నిమిషం విరామం. మూడుసార్లకు మించొద్దు.
* ఫ్లడ్ అయిన బండిని తోసి స్టార్ట్ చేయొద్దు.
* చలికాలం మొదలు కాకముందే బ్యాటరీ, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు చూపించుకోవాలి.
* నీట మునిగిన బండి తాళం ముట్టుకోవద్దు. ముందు మెకానిక్‌కు కబురు చేయాలి.